మూడో నంబరు మనిషి ముక్కుపుడక

విరుదునగర్, కోవిల్‌పట్టి చూసి రావడానికి ఎవరూ వెళ్ళరు. మదురై దాకా వెళ్ళినవాళ్ళు అమ్మవారి దర్శనం చేసుకుని రామేశ్వరం వైపు తిరుగుతారు. కన్యాకుమారి వెళ్ళేవాళ్ళు ఈ ఊళ్ళను రైల్లో నిద్రపోతూ దాటేస్తారు. నేను 2007 వేసవిలో సెలవు పెట్టి మరీ మూడు రోజులు అక్కడ తిరిగి వచ్చాను. తిరిగొచ్చాక మిత్రులు ఏం చూశావని అడిగారు. అడగవలసిన మనిషినే అడిగారు. చూపు గురించి మాట్లాడటమే నా ఉద్యోగం.

నేను హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ని. మనిషి చూస్తున్నప్పుడు మెదడులో ఏ భాగం పనిచేస్తుందో స్కానింగ్ యంత్రంతో బొమ్మ తీసి, దాని గురించి వ్యాసాలు రాసి, దేశదేశాల్లో ఉపన్యాసాలిచ్చి పెద్దవాణ్ణయ్యాను. కళ్ళెదుట ఉన్నది కనిపించకపోవడం గురించి మాత్రం ఒక్క వ్యాసమూ రాయలేదు. ఆ విషయంలో నా అనుభవం చాలా గట్టిది.

1999లో నాకు పుట్టుగుడ్డివాళ్ళు కావలసి వచ్చారు. స్కానింగ్ చెన్నైలో. నాకు తమిళం రాదు, నేర్చుకునే ఓపికా లేదు. అందుకని తెలుగు మాట్లాడే అంధులే కావాలని కబురు పెట్టాను. కంటి శిబిరాలు నడిపే ఒక డాక్టరు రెంగమ్మను వెతికి పంపాడు. విరుదునగర్ దగ్గర ఏళాయిరంపన్నై ఆమె ఊరు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ కోసం పుల్లలను చెక్క చట్రాల్లో వరసగా పేర్చడం ఆమె పని, చిన్నప్పటి నుంచీ. తోడుగా ఆమె అన్న భార్య గురువమ్మ వచ్చింది.

ఆ యంత్రం పెద్ద అయస్కాంతం. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. రెంగమ్మ ముక్కుపుడక ఊడిరావడానికి కొబ్బరినూనె రాసి పావుగంట తిప్పవలసి వచ్చింది. టెక్నీషియన్ దాన్ని గోధుమరంగు కవర్లో వేసి పైన ‘ఎస్-3’ అని రాశాడు. మా పరిశోధనల్లో మనుషులకు పేర్లుండవు. ఆమె మూడో నంబరు.

యంత్రంలో పడుకోబెట్టి చేతికి పుల్లలూ చట్రమూ ఇచ్చాం. ఆమె వేళ్ళు పేరుస్తూ పోయాయి. మనకు చూపుకోసం పనిచేసే మెదడు వెనకభాగం, ఏనాడూ వెలుగు చూడని ఆమె తలలో, ఎర్రగా వెలిగింది. పక్క గదిలో నేను గంతులేశాను. ఆ సంబరంలో నడవాలోకి వచ్చేసరికి రెంగమ్మ నిలబడి ముక్కుపుడక అడిగింది. గురువమ్మ కింద క్యాంటీన్లో ఉంది. నేను టెక్నీషియన్ని అడగలేదు, కవరు పెట్టిన బల్ల వైపు తల కూడా తిప్పలేదు.

“అన్నీ మీ వదినకి ఇచ్చేశాం. ఇక మీరు వెళ్ళొచ్చు” అన్నాను.

ఆ ఎర్రమచ్చ బొమ్మ నాకు పదోన్నతులు తెచ్చింది. పోయిన ఫిబ్రవరిలో పెద్ద గది కూడా తెచ్చింది. పాత గది ఖాళీ చేస్తుంటే సొరుగు అడుగున, చెన్నై నుంచి తెచ్చిన కాగితాల మధ్య, ఆ కవరు దొరికింది. దాని కిందే ఒక ఇన్లాండ్ లెటర్, విప్పకుండా ఉంది. వచ్చినప్పుడు చూసిన గుర్తు లీలగా ఉంది. పంపినవారి చిరునామా తమిళంలో ఉంటే, ఏదో సాయం అడిగే ఉత్తరమై ఉంటుందనుకుని సొరుగులో వేశాను. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఉత్తరం తమిళంలో ఎందుకు రాయిస్తారన్న ప్రశ్న నా పరిశోధక బుద్ధికి తట్టలేదు. వాళ్ళ తెలుగుకు బడి లేదు, పలక లేదు. రాత అంటే వాళ్ళకు తమిళమే.

మా విభాగంలో ఒక తమిళ సహోద్యోగిని ఉంది. ఆమె పెరుగన్నం తింటూ ఉత్తరం చదవడం మొదలుపెట్టి, మధ్యలో డబ్బా మూత పెట్టేసింది. గురువమ్మ ఎవరిచేతో రాయించింది. ముక్కుపుడక మీ దగ్గరే ఉండిపోయిందని ఒక్క మాట రాసి పంపండి సారూ, మా అత్త నన్ను దొంగ అంటోంది, వీధంతా అంటోంది, అని ఉంది. ఎనిమిదేళ్ళ కిందటి తేదీ.

ముక్కుపుడకను కవర్లో పెట్టి, క్షమాపణ రాసి, కొరియర్లో పంపేద్దామన్నాను. “ఏ భాషలో రాస్తారు?” అంది ఆమె. అందుకని బయలుదేరాను.

విరుదునగర్

పొద్దున్నే దిగాను. స్టేషన్ బయట మిరపకాయల ఘాటుకు తుమ్ములు పట్టుకున్నాయి. ఊళ్ళో సగం కొట్లు మిరపకాయలు, పప్పులు, నూనెల టోకు వ్యాపారమే. బజారు లాడ్జిలో గదికి నూటయాభై అన్నాడు. నా పేరు ముందు ప్రొఫెసర్ అని రాసి ఇచ్చాను. నూటయాభైకి నూటయాభయ్యే తీసుకున్నాడు.

ఆ ఊరి పరోటా మన హోటళ్ళలో దొరికే లాంటిది కాదు. పెనం మీద కాల్చరు, నూనెలో ముంచి వేయిస్తారు. బిస్కెట్టులా కరకరలాడేదాన్ని చేత్తో నలిపి, ఆకులో పోసి, పైన పల్చటి కుర్మా గుమ్మరిస్తారు. ఒక్కోటి మూడు రూపాయలు. నేను రెండు తిని ఆయాసపడుతుంటే పక్కన ఒక బక్కమనిషి ఆరో దాని మీద ఉన్నాడు. ఇంటికి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడుతుంటే కొట్టు యజమాని చెవి ఇటు పడేశాడు.

“ఆంద్రావా సార్? మాదీ తెలుగే. ఇంట్లో మట్టుకు.” కాసేపు నా మాటలు విని, నా తెలుగు రేడియోలో వార్తలు చదివినట్టుందని తీర్పు ఇచ్చాడు. చెన్నైలో రెంగమ్మ తెలుగు విని, మ్యూజియంలో పెట్టవలసిన భాష అని నేను టీ తాగుతూ నా విద్యార్థులను నవ్వించాను. ఇప్పుడు లెక్క సరిపోయింది.

ఏం పని మీద వచ్చారని అడిగాడు. ఊరు చూడటానికి అన్నాను.

“ఇక్కడ సూసేదానికి ఏముండాది సార్? ఎండ.”

ఏళాయిరంపన్నైకి బస్సు ఎక్కడ దొరుకుతుందో కూడా అతనే చెప్పాడు, సాత్తూరులో దిగి మారాలి. సాత్తూరు కారాసేవు రుచి చూడకుండా పోవద్దన్నాడు. మర్నాడు పొద్దున నేను బస్టాండుకి వెళ్ళి, సాత్తూరు బస్సు ఎదురుగా ఉండగా, కోవిల్‌పట్టి బస్సెక్కాను.

పాంచాలంకురిచ్చి

భయమేసింది, అంతకన్నా మరేం లేదు. మనసు సిద్ధం చేసుకోవాలని నాకు నేను చెప్పుకున్నాను. కోవిల్‌పట్టిలో మరో బస్సు మారి, తెల్లవాళ్ళను ఎదిరించిన కట్టబొమ్మన కోట చూడటానికి వెళ్ళాను. చదువుకున్నవాడు పిరికితనాన్ని చరిత్ర మీద ఆసక్తిగా మార్చుకోగలడు.

దారంతా నల్లరేగడి. పత్తి తీసేశారు, నేల నోరు తెరిచి ఉంది. మా కృష్ణా జిల్లాలో ఇలాంటి నేలకు కాలవ నీళ్ళు వస్తాయి. ఇక్కడ మబ్బు దయ. పక్క సీటులో రైతు ఒకాయన, తెలుగు నాయుడే, ముప్పై ఎకరాలున్నా కూతుళ్ళను తీపెట్టి ఆపీసుకు పంపుతున్నానన్నాడు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని అక్కడ అలాగే అంటారు, ఆఫీసు అని. వాన లేని చోట అగ్గిపెట్టెలు బాగా ఆరతాయట, అందుకే ఈ నేలలో అదొక్కటే పండుతుందట.

కోట బాగుంది. బాగా ఉండక ఏం చేస్తుంది, మన కాలంలో కట్టిందే. అసలు కోటను తెల్లవాళ్ళు నేలమట్టం చేశారు. కాపలాదారు తన వెంట తిప్పి గోడల మీద బొమ్మలన్నీ చూపించి, చివర్న అసలు పునాదులు అటు ఉన్నాయి, అక్కడికి ఎవరూ పోరు, ఎండగా ఉంటుంది అన్నాడు. నేనూ పోలేదు. కట్టిన కోటనే ఫోటో తీసుకున్నాను. ఆ రాత్రి కోవిల్‌పట్టిలో పడుకున్నాను.

ఏళాయిరంపన్నై

మర్నాడు తప్పించుకోవడానికి ఇంకో కోట లేదు. బస్సులో నా ఒళ్ళో ఒక పటం ఉంది. రెంగమ్మకు కానుక. ఆమె మెదడు బొమ్మ, రంగుల్లో, ఎర్రమచ్చతో సహా, అద్దం వేయించి బంగారు రంగు ఫ్రేము కట్టించాను. పుట్టుగుడ్డి మనిషికి పటం తీసుకెళుతున్నానన్న సంగతి హైదరాబాదులో తట్టలేదు, మదురైలో తట్టలేదు. ఒక గుంటలో బస్సు ఎగిరిపడి అద్దం మూల నుంచి మూలకు పగిలినప్పుడు తట్టింది.

ఊళ్ళో ఒకవైపు బాణాసంచా షెడ్లు, ఒకదానికొకటి దూరంగా. మరోవైపు చిన్న ఇళ్ళు, ప్రతి గడపలో చట్రాలు. ఆడవాళ్ళు మాట్లాడుకుంటూనే పుల్లలు పేరుస్తున్నారు. రెంగమ్మ ఇల్లు అడిగితే నలుగురు చూపించారు. నలభై దాటిన మనిషి. గడపలో కూర్చుని ఉంది, చేతులు పనిలో ఉన్నాయి. నేను నమస్కారం అనగానే తల ఎత్తింది.

“మిసిను సారా?”

ఎనిమిదేళ్ళ కిందట ఆమె రెండు రోజులు విన్న గొంతు నాది. నేను ఆమెను వీధిలో చూసి ఉంటే గుర్తుపట్టేవాణ్ణి కాదు. తల లోపలి బొమ్మ తప్ప ఆమె మొహం నాకు గుర్తు లేదు.

మంచినీళ్ళు ఇచ్చింది. వాళ్ళమ్మ, గురువమ్మ అత్త, మూడేళ్ళ కిందట పోయిందని చెప్పింది. ఆ మాటతో నేను తెచ్చుకున్న ఉపన్యాసం సగం పనికిరాకుండా పోయింది. తోచక పటం ఆమె చేతుల్లో పెట్టాను. వేళ్ళతో అంచులు తడిమి, పగులు దగ్గర ఆగి, ఇందులో ఏముందని అడిగింది. మీ తల అన్నాను.

“నా తల నా కాడనే వుండాది గదా సారు.”

అప్పుడు కవరు తీశాను. ముక్కుపుడకను అరచేతిలో వేసుకుని బొటనవేలితో ఒకసారి తిప్పింది. ఏడు రాళ్ళలో ఒకటి ఎప్పుడో ఊడిపోయింది. ఆ గుంట దొరికాక వేలు ఆగింది.

“అమ్మది,” అంది. పక్కన పుల్లలు పేరుస్తున్నవాళ్ళు ఇటు తిరిగారు.

“వదినె కాడ ఇచ్చేస్తిమని మీరు సెప్తిరి గదా.”

“చెప్పాను.”

“ఇయ్యలేదా?”

“లేదు.”

“మరి సూసి సెప్పలేదా?”

“చూడలేదమ్మా.”

“నేను ఒకదాన్నే గుడ్డిదాన్ని అనుకుంటిని,” అంది రెంగమ్మ. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే తేలిగ్గా ఉండేది.

తర్వాత ఆమే చెప్పింది. ఇంటికొచ్చాక వాళ్ళమ్మ అడిగితే, వదినె చేతికి ఇచ్చామని మిసిను సారు చెప్పారని చెప్పింది. గురువమ్మ ఇవ్వలేదంది. ఇద్దరిలో ఎవరిని నమ్మాలి? అంత పెద్ద యంత్రం నడిపే సారు అబద్ధం చెప్పడు. గురువమ్మ వీధి చివర మారియమ్మ గుడి ముందు సూడం వెలిగించి, మండుతున్న కర్పూరాన్ని అరచేత్తో అణచి సత్యం చేసింది. ఆమె చెయ్యి బొబ్బ లేచింది. పక్కింటి నాచారమ్మవ్వ ఆ బొబ్బ చూసి, నిజం చెప్పినదాని చెయ్యి కాలుతుందా అంది. అంతే. నెల తిరక్కుండా గురువమ్మ మొగుణ్ణి తీసుకుని కోవిల్‌పట్టి వెళ్ళిపోయింది. అత్త పోయినప్పుడు వచ్చి, వీధిలోనే నిలబడి ఏడ్చి, గడప తొక్కకుండా తిరిగి వెళ్ళింది.

మా రంగంలో ఒక మాట నిజమని చెప్పడానికి నలభై బొమ్మలూ రెండు పట్టికలూ కావాలి. గురువమ్మ తన అరచెయ్యి ఇచ్చింది. దాన్ని నా ఒక్క మాట కొట్టేసింది.

నేను గురువమ్మకు క్షమాపణ చెప్పుకుంటాను, చిరునామా ఇవ్వమన్నాను. రెంగమ్మ చట్రం పక్కన పెట్టి లేచింది.

“మీకు తెలీదు సారు. నేను వస్తాను.”

బస్సు ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో ఆమే చెప్పింది. నేను వెనక నడిచాను.

కోవిల్‌పట్టి

ఈ ఊరి కడలమిఠాయి గురించి విన్నాను. వేరుశెనగపప్పు, బెల్లం, అంతే. మన పప్పుచెక్క లాంటిదే గానీ, పళ్ళకు అంటుకోదు, పెళుసుగా విరుగుతుంది. పావుకిలో కొన్నాను. ఎనిమిదేళ్ళు దొంగ అనిపించుకున్న మనిషి దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్ళకూడదు గదా. పటం పగిలాక కూడా నాకు కానుకల మీద నమ్మకం పోలేదు.

మధ్యాహ్నం అన్నం వేళకు తీపెట్టి ఆపీసు గేటు దగ్గర నిలబడ్డాం. గురువమ్మ టిఫిన్ డబ్బాతో వచ్చింది. ఆడబిడ్డను చూసి ఆగింది, తర్వాత నన్ను చూసింది. వెంటనే గుర్తుపట్టింది. నేను దారంతా కూర్చుకున్న క్షమాపణ మొదలుపెట్టాను. పొరపాటు, పని ఒత్తిడి, ఎంతో బాధ, ఇలా నాలుగు వాక్యాలు నడిచాయి. ఐదోది ఆమె చెప్పనివ్వలేదు.

“నా కాడ యాల సెప్తారు? నేను తీయలేదని నాకు తెలీదా?”

నేను మిఠాయి పొట్లం చాచాను. ఆమె చూడలేదు. రెంగమ్మ చెయ్యి చాచి తీసుకుని ఒక ముక్క కొరికింది.

“ఎవురు నన్ను అంటిరో వాండ్ల కాడ సెప్పండి. ఆ గుడి కాడనే. సూడం అణచి సెప్పండి.” రెంగమ్మ వైపు తిరిగి, గొంతు తగ్గించి, “నీవూ అంటివి గదా” అంది.

“అంటిని వదినె,” అంది రెంగమ్మ. నమలడం ఆపేసింది.

నా రైలు కోవిల్‌పట్టి నుంచే, మూడున్నరకు. రెండో రోజు పొద్దున హైదరాబాదులో ఒక సన్మానం, నాకే. గడియారం చూసుకున్నాను. గురువమ్మ నా చేతి గడియారం వైపే చూస్తోంది. ఆ చూపు ఎలాంటిదో చెప్పడానికి యంత్రం అక్కర్లేదు.

“ఇప్పుడే పోదాం,” అన్నాను.

అయితే తమిళంలో చెప్పాలంది గురువమ్మ. తెలుగు ఇంట్లో మాట, వీధిలో నిలబడి చెప్పేది వీధి భాషలో ఉండాలి, నాయుళ్ళే కాదు అందరూ వినాలి. నాకు తమిళం రాదన్నాను. “వొస్తాది,” అంది. నలభై నిమిషాల బస్సు ప్రయాణంలో రెండు వాక్యాలు నేర్పింది. ‘నగై ఎంగిట్ట ఇరుందుచ్చు. ఇవ ఎడుక్కలె.’ నగ నా దగ్గరే ఉంది, ఈమె తీయలేదు. నేను చెప్పిన ప్రతిసారీ వెనక సీటులో పూలమ్మే మనిషి నవ్వి సరిదిద్దింది. దిగేముందు కండక్టరు కూడా ఒకసారి చెప్పించుకుని విన్నాడు. అందరికీ సంగతి తెలిసిపోయింది. ఇరవై ఏళ్ళుగా తమిళం కష్టమని అందరికీ చెప్పిన మనిషిని.

మళ్ళీ ఏళాయిరంపన్నై

పిలవకుండానే వీధి వచ్చింది. నాచారమ్మవ్వకు కర్ర ఇచ్చి తీసుకొచ్చారు. గుడి ముందు రాతి పలక మీద కర్పూరం బిళ్ళ పెట్టి గురువమ్మే వెలిగించింది. నేను రెండు వాక్యాలూ గట్టిగా చెప్పాను. తప్పుల్లేకుండానే చెప్పాను. తర్వాత, అలవాటు కొద్దీ పుట్టినరోజు కొవ్వొత్తిలా, వంగి ఉఫ్ మని ఊదాను.

వీధంతా నవ్వింది. గురువమ్మ నవ్వలేదు. ఇంకో బిళ్ళ పెట్టి వెలిగించి పక్కకు జరిగింది.

మళ్ళీ చెప్పాను. ఈసారి అరచెయ్యి బోర్లించి మంట మీద పెట్టాను. మంట ఆరడానికి ఒక్క క్షణమే పట్టి ఉంటుంది. నేను సెకనులో వెయ్యో వంతు కొలిచే మనిషిని, ఆ క్షణం మాత్రం కొలవలేను. చెయ్యి తీసేసరికి మధ్యలో ఎర్రగా ఉంది. చూస్తుండగా బొబ్బ లేచింది.

నాచారమ్మవ్వ దగ్గరికొచ్చి నా చెయ్యి తన కళ్ళకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చూసింది. “కాలింది గదా,” అంది.

“కాలింది,” అన్నాను.

“నిజమే సెప్తిరి గదా?”

“నిజమే అవ్వా. ముక్కుపుడక రెంగమ్మ చేతికి తెచ్చిచ్చాను గదా.”

ఆమె నా చెయ్యి వదలకుండా గురువమ్మ వైపు చూసింది. గురువమ్మ తన కుడి అరచెయ్యి తెరిచి ఆమె ముందు పట్టింది. మధ్యలో పాత మచ్చ, తెల్లగా, రూపాయి బిళ్ళంత ఉంది. ముసలామె రెండు చేతులనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఎవరూ నవ్వలేదు.

“నిజము సెప్పినా కాల్తాది,” అంది నాచారమ్మవ్వ, నెమ్మదిగా, తెలుగులోనే. తర్వాత అదే మాట తమిళంలో వీధికి చెప్పింది.

నా వృత్తిలో నేను చేసిన ప్రయోగాలన్నిటిలో పోల్చి చూడటానికి రెండో మనిషి ఇంత అవసరమైన ప్రయోగం మరొకటి లేదు. దాని రూపకల్పన నాది కాదు.

గురువమ్మ రెంగమ్మ చేతిలోని ముక్కుపుడక తీసుకుని, ఎనిమిదేళ్ళ తర్వాత ఆ ఇంటి గడప తొక్కింది. రెంగమ్మ వెనక వెళ్ళింది. నేను గుమ్మం బయట నిలబడ్డాను. గోడ మీద అత్త ఫోటో, ఎండిన పూలదండతో. నేను తెచ్చిన పటాన్ని కూడా మేం కోవిల్‌పట్టిలో ఉండగా ఇరుగుపొరుగు ఎవరో దాని పక్కనే మేకుకు తగిలించినట్టుంది. పగిలిన అద్దంలో రెంగమ్మ మెదడు తలకిందులుగా వేలాడుతోంది. నేను సరిచెయ్యలేదు.

ముక్కుపుడక రెంగమ్మ పెట్టుకోలేదు. ముక్కుకు కుట్టిన రంధ్రం ఎప్పుడో పూడిపోయింది. గురువమ్మ దాన్ని ఫోటో ముందు రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తింది.

“ఇదో నీ మూక్కుత్తి అత్తా. బాగా సూడు.”

అత్త చూస్తూనే ఉంది. గురువమ్మ చాలాసేపు ఆ చెయ్యి దించలేదు. దించాక, ముక్కుపుడకను ఫోటో కింద ఉన్న అరలో పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. రెంగమ్మ మూలనున్న రెండో చట్రం తెచ్చి పక్కన వేసింది. గురువమ్మ దాని ముందు కూర్చుంది. పుల్లల కట్ట విప్పాక, నేనింకా గుమ్మంలోనే ఉండటం గమనించి తల తిప్పింది.

“ఇంక మీరు పోవచ్చు సారు,” అంది.